నల్లగొండ నీళ్లు, డెల్ఫ్ట్ చదువు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటులో నీళ్ల సంపు కడిగించారు. పని ముగిసే సరికి మెట్ల దారంతా బ్లీచింగ్ పౌడర్ వాసన నిండిపోయింది. సంచి పట్టుకుని కూరగాయలకు బయలుదేరిన నేను ఆ వాసన తగలగానే మెట్ల మీద కాసేపు నిలబడిపోయాను. చాలామందికి ఆ వాసనతో ఆస్పత్రి వరండాయో, వానాకాలంలో మునిసిపాలిటీ వాళ్లు చల్లే ముగ్గుపిండి వంటి తెల్లటి పొడియో గుర్తుకొస్తుంది. నాకు మాత్రం పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ పొట్లాలు పక్కన పెట్టుకుని, ప్లాస్టిక్ బకెట్టు ముందు కూర్చుని, కర్రతో నీళ్లు కలుపుతున్న మా చిన్నమ్మ చేతులు గుర్తుకొచ్చాయి. ఆ బకెట్టు గురించి చదువుకోవడానికి నేను విమానమెక్కి పరాయి దేశం వెళ్లిన రోజులు, తిరిగి వచ్చి మొదటి ఉద్యోగాలు చేసిన రోజులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పై చదువులకు వెళ్లే మన జిల్లా పిల్లలు అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సంగతులివి. ఒకచోట రాసిపెట్టాలని ఇన్నాళ్లకు కూర్చున్నాను.

*

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కున ఒక చిన్న ఊరు. ఎర్ర చెలకలు, వాటి మధ్య బండరాళ్ల గుట్టలు, వాన పడితే జొన్న, కంది, ఆముదం, నీళ్ల వసతి ఉన్నవాళ్లకు బత్తాయి తోట. పొద్దు పొడవక ముందే ఊళ్లో బోరింగు చప్పుడు మొదలయ్యేది. ఇనుప చేయి పైకి లేచేటప్పుడు కీచుమనేది, కిందికి దిగేటప్పుడు దబ్బున మోగేది. బిందెలో పడే నీటి ధార మొదట గట్టిగా వినిపించి, బిందె నిండేకొద్దీ మెత్తబడేది. మా అమ్మ పక్క మీద ఉండే ఆ శబ్దాన్ని బట్టి తన వంతుకు ఇంకా ఎందరున్నారో అంచనా వేసుకుని, చుట్టబట్ట వెతుక్కుంటూ లేచేది.

ఆ నీళ్లు తేటగా ఉండేవి, వేసవిలో కూడా చల్లగా ఉండేవి. మా కష్టమంతా ఆ తేటదనంలోనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. మురికి నీళ్లను ఎవరైనా బట్టతో వడగడతారు, కాచుకుంటారు. మా నీళ్లలో కరిగి ఉండి పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, పంటికి తగిలే రుచి లేదు. కాచితే నీరు కొంత ఆవిరై, మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

మా పెద్దనాయన మెడ తిప్పలేకపోయేవాడు. వెనుక నుంచి ఎవరైనా పిలిస్తే కాళ్లతో సహా ఒళ్లంతా తిప్పి చూసేవాడు. మంచం మీది నుంచి లేవాలంటే పట్టె పట్టుకుని, ఒక్కొక్క కీలు సర్దుకుంటూ చాలాసేపు తీసుకునేవాడు. నాకు తెలిసేనాటికి ఆయన ముసలివాడు కాడు. అరక కట్టే వయసులోనే ఉన్నాడు. బడిలో పిల్లలందరివీ గార పళ్లే. బడి ఫోటో తీసిన రోజు ఫోటో ఆయన నవ్వమని ఎంత చెప్పినా మేమందరం పెదవులు బిగించుకునే నిలబడ్డాము. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో నవ్వుతున్నది బయటి ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన సారు కొడుకు ఒక్కడే.

"మా కాలంల ఊట బాయి నీళ్లు తాగినం బిడ్డా. అప్పుడు ఈ నడుములు పట్టుడు ఇంతగనం లేకుండె. బోరింగులు పడ్డంకనే కాళ్లు గుంజుడు షురువైంది" అని మా నాయనమ్మ అంటుండేది. చదువు రాని మనిషి చెప్పిన మాట కాబట్టి ఇంటికి వచ్చిన అధికారులెవరూ దానిని రాసుకోలేదు. ఆమె చెప్పినదాంట్లో చాలా మటుకు శాస్త్రం ఉంది. వాన నీరు త్వరగా చేరే పై ఊటలో కంటే, పగులు రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన లోతు నీటిలో ఫ్లోరైడు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. మా నేల కింద ఉన్న గ్రానైటులోనే ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో అది దాగి ఉంది. నీటిలో సున్నపు పాలు తక్కువై, సోడా గుణం ఎక్కువైతే రాయి నుంచి మరింతగా కరిగి వస్తుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన మా ప్రాంతంలో ఆ నీరు పలచబడే అవకాశమూ తక్కువే.

*

నేను నల్లగొండలో గది తీసుకుని చదువుకుంటున్న రోజులలో 1996 లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఆ ఎన్నికలను చూసిన మా తరం వాళ్లు వాటిని మరిచిపోలేరు. ఫ్లోరైడు గోస దేశానికి తెలియాలని దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపునిస్తే, రైతులూ బాధితులూ వరుసలు కట్టి నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకంగా కుట్టవలసి వచ్చింది. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలు. ఆ ఏడాదే దానిని 10,000 రూపాయలకు పెంచారు. మా పక్క ఊరి రైతు ఒకాయన నామినేషన్ వేసి గడియారం సెంటరులో బస్సు దిగి నడుస్తూ, "గెల్వనీకి కాదు బిడ్డా, మా పేర్లన్న సదువుతరని" అని నాతో అన్న మాట నేను ఎన్నో వేదికల మీద గుర్తు చేసుకున్నాను.

అదే ఏడాది మా కెమిస్ట్రీ సారు సెలవులకు ఊళ్లకు పోయే విద్యార్థులందరితో, వచ్చేటప్పుడు తలా ఒక ప్లాస్టిక్ సీసాడు ఇంటి నీళ్లు తెమ్మని చెప్పారు. గాజు సీసా వద్దన్నారు. ఫ్లోరైడుకు గాజుతో చర్య జరుగుతుందని, లెక్క తప్పుతుందని అప్పుడే తెలిసింది. ఆ సీసాలతో మమ్మల్ని ఒక నీటి పరీక్ష ల్యాబుకు తీసుకుపోయారు. అక్కడ ఎర్రటి రసాయనం ఒకటి ప్రతి నమూనాలోనూ కొద్దిగా కలిపారు. నీటిలో ఫ్లోరైడు ఎంత ఎక్కువగా ఉంటే ఆ ఎరుపు అంతగా వెలిసిపోతుంది. వరుసగా పెట్టిన గొట్టాలలో నల్లగొండ పట్నపు నీళ్ల ఎరుపు చాలావరకు నిలిచింది, మా ఊరి గొట్టంలో అది బాగా వెలిసింది. మనిషి తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని గోడ మీద రాసి ఉంది. నా చేతిలోని కాగితం మీద మా బోరింగు లెక్క దానికి మూడు రెట్ల పైన ఉంది. పెద్దనాయన మెడ, మా నాన్నమ్మ నడుము, బడి ఫోటోలో మా మూసిన నోళ్లు అన్నీ ఆ ఒక్క అంకెలో కనిపించాయి. నీటి రసాయనమే చదవాలన్న నిర్ణయం ఆ ల్యాబులో జరిగింది. అప్పటికి మా ఇంట్లో ఆడపిల్ల టీచరు ట్రైనింగు తప్ప ఇంకొకటి చదవవచ్చునన్న ఆలోచన ఎవరికీ లేదు. మా నాయిన మాత్రం "అది నీళ్ల సదువు అంటుంది, మనకు కావలసిందే గదా" అని ఒక్క మాటతో ఒప్పుకున్నాడు.

*

ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లూ ఆదివారాలు తప్ప అన్ని రోజులూ ఒకే రకంగా గడిచాయి. వాటిలో చెప్పుకోదగినవి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లైబ్రరీకి పోయిన మధ్యాహ్నాలు. అక్కడ పాత పత్రికల బైండు పుస్తకాలలో మా జిల్లా పేరు మొదటిసారి అచ్చులో చూశాను. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్యులు రాశారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ జబ్బు గురించి హైదరాబాదు వైద్యుడు సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మోకాళ్లు లోపలికి వంగిపోయే వంకర కాళ్ల గురించి పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే 1973లో లాన్సెట్‌లో రాశారు. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు గర్వం కలగలేదు, కోపం వచ్చింది. నా పుట్టుకకు ఎంతో ముందే లండన్‌లో అచ్చయిన సంగతి మా ఊరి బోరింగు దగ్గరికి రావడానికి దారి దొరకలేదు. శాస్త్రం తెలియడానికీ, అది బిందెలోకి చేరడానికీ మధ్య ఉన్న దూరం మీదనే నా పని ఉండాలని ఆ వయసులో నాకు గట్టిగా అనిపించింది.

చదువయ్యాక నల్లగొండలోనే ఒక ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. జీతం కొద్ది, పని విపరీతం. మునుగోడు, చండూరు, నాంపల్లి దిక్కుల నుంచి రోజూ సీసాలు వచ్చేవి. ఒక్కొక్క సీసాకు కట్టిన కాగితం మీద ఊరి పేరు, బావి పేరు రాసి ఉండేవి. "మాల బాయి", "గుడి ఎన్క బోరింగు", "పటేలు తోట బోరు" అని ఉన్న ఆ పేర్లను రిజిస్టరులోకి ఎక్కించడం నా మొదటి ఉద్యోగం. లెక్క రాసి పంపిన ఊళ్లకు ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసే మార్గం మాత్రం ఆ రిజిస్టరులో లేదు. ఉద్యోగం చేస్తున్నవాళ్లు మాత్రమే దరఖాస్తు చేసుకోదగిన నెదర్లాండ్స్ ప్రభుత్వ ఫెలోషిప్పు ఒకటి ఉందని, డెల్ఫ్ట్ అనే పట్నంలో నీటి చదువుకే ప్రత్యేకంగా ఒక సంస్థ ఉందని నాకు అక్కడ పనిచేసే సీనియర్ అక్క చెప్పింది. 1957లో మొదలై, 2003లో యునెస్కో పేరుతో కలిసిన ఐహెచ్ఈ అది.

ఎంపిక కన్నా కష్టమైన పని జనన ధ్రువీకరణ పత్రం. నేను ఇంట్లో పుట్టాను. మంత్రసాని పేరు తప్ప ఏ రికార్డూ లేదు. తహసీలు ఆఫీసు చుట్టూ మా నాయిన సైకిలు మీద ఎన్ని వారాలు తిరిగాడో. చివరికి బడి రిజిస్టరు, ఊరి పెద్దల సంతకాలు, అఫిడవిట్టు కలిపి ఒక కాగితం పుట్టింది. దానికి హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో ఇంకొక ముద్ర. వీసా కోసం ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోయినప్పుడు ఆ కాగితాన్ని అమ్మ చీర ముక్కలో చుట్టి రొమ్ముకు దగ్గరగా దాచుకున్నాను. బేగంపేట విమానాశ్రయానికి మా ఊరి నుంచి జీపు నిండా జనం వచ్చారు. పెద్దనాయన రాలేకపోయాడు. పోయే ముందు రోజు ఆయన మంచం దగ్గర కూర్చుంటే, "ఆడికి పోయి ఏం నేర్సుకుంటవ్ బిడ్డా?" అని అడిగాడు. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసేది నేర్చుకుంటానన్నాను. "జల్ది రా మరి" అన్నాడు.

*

అక్టోబరు చలిలో డెల్ఫ్ట్ చేరాను. సన్నటి కాలువలు, వాటి మీద చిన్న చిన్న వంతెనలు, వంతెనల కమ్ముల పొడవునా తాళాలు వేసిన సైకిళ్లు, మార్కెట్ చౌరస్తాలో కొత్త చర్చి గోపురం, దాని మీది గంటలు వాయించే పాటలు. నాకు దొరికిన గది ఇంటి పైకప్పు కింద ఉండేది. మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే, పెట్టె పైకి మోయడానికి అదే ఇంట్లో ఉండే ఇథియోపియా అబ్బాయి, టాంజానియా అబ్బాయి ఇద్దరూ సాయం పట్టవలసి వచ్చింది. మా స్నేహం అక్కడ మొదలైంది.

మొదటి రోజు వంటింటి నల్లా తిప్పి గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని చాలాసేపు వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఆ దేశంలో ఇళ్లకు పంపే నీటిలో క్లోరిన్ మిగలనివ్వరని, పైపులను, శుద్ధి పద్ధతిని అంత కట్టుదిట్టంగా చూసుకుంటారని తర్వాత పాఠంలో చెప్పారు. ఆ వారం మా నాయిన మండలంలోని ఎస్టీడీ బూత్‌కు వచ్చి నా ఫోను కోసం ఎదురు చూశాడు. తిన్నావా అని అడగలేదు, చలి ఎంత ఉందని అడగలేదు. "నీళ్లు ఎట్లున్నయ్ బిడ్డా ఆడ?" అన్నాడు. నల్లా తిప్పి అట్లనే తాగుతున్నామంటే, లైను తెగిపోయిందేమో అనుకునేంత సేపు మాట్లాడలేదు.

డెల్ఫ్ట్ చుట్టుపట్ల నేల చాలా చోట్ల సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. నీటిని రాత్రింబవళ్లు పంపులతో ఎత్తి పోయకపోతే ఊళ్లు మునుగుతాయి. ఆ పని చూసే నీటి పాలక సంఘాలు రాజుల కాలం నుంచి నడుస్తున్నాయి. డెల్ఫ్ట్ ప్రాంతపు సంఘం 1289 నుంచి ఉంది. దాని పాత కచేరీ భవనం ముందు నుంచే రోజూ తరగతికి నడిచేదాన్ని. నీళ్లు లేక ఎండిన నా జిల్లాకూ, నీళ్లలో మునగకుండా కాపాడుకునే ఆ నేలకూ పోలిక ఏముంటుందని మొదట అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ పానగల్లు చెరువు గుర్తుకు రాసాగింది. కందూరు చోళుల కాలంలో తవ్వించిన ఆ ఉదయ సముద్రానికీ తూము తీసే నీరటి ఉండేవాడు, చెరువు కట్టకు మట్టి పోసే ఊరి పద్ధతి ఉండేది. మన దగ్గర ఆ మనుషులకు ఇచ్చే మేర, మాన్యం పోయాయి, పని కూడా పోయింది. ఆ దేశంలో ఆ పని చేసే సంఘానికి ప్రజలు పన్ను కడతారు, సభ్యులను ఎన్నుకుంటారు. ఇంజనీరింగులో కాదు, ఆ ఒక్క విషయంలోనే మనం వెనకబడ్డామని నా నమ్మకం. ఇది నా తోటి చదువరులలో కొందరు ఒప్పుకోరు.

*

ఫ్లోరైడు పాఠం చలికాలం నడుమ వచ్చింది. ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకే బయట చీకటి పడుతోంది. ప్రొఫెసరు గారు ఫ్లోరైడును తొలగించే పద్ధతులను ఒక్కొక్కటే వివరిస్తూ ఎముకల బొగ్గు, క్రియాశీల అల్యూమినా అని చెప్పి, బల్ల మీద "నల్గొండ పద్ధతి" అని రాశారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో రూపొందించిన పద్ధతి అది. నీటిలో తగినంత సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కొన్ని నిమిషాలు కలిపి గంటసేపు కదపకుండా ఉంచితే, పటిక నుంచి ఏర్పడిన జిగురు ముద్దలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వడగట్టుకుని తాగాలి. ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడు మీద, క్షారగుణం మీద ఆధారపడుతుంది.

ఆ సంగతులన్నీ ఉస్మానియాలోనే చదువుకున్నాను. నన్ను కదిలించింది నా పక్కన కూర్చున్న టాంజానియా మిత్రుని మాట. కిలిమంజారో, మేరు కొండల దిగువ పల్లెలలో అగ్నిపర్వతపు రాళ్ల వల్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఆరుషా దగ్గర ఙుర్దోతో అనే చోట ఆ దేశం ఒక పరిశోధన కేంద్రమే నడుపుతుంది. అతడు అక్కడ పనిచేసి వచ్చాడు. బల్ల మీది పేరు చూసి, "దీనిని మా ఊళ్లలో బకెట్లలో ప్రయత్నించాము. నల్గొండ అంటే ఈ పద్ధతి కనిపెట్టిన శాస్త్రవేత్త అనుకునేవాణ్ణి" అన్నాడు. అది మా జిల్లా అని, నేను అక్కడే పుట్టానని చెప్పాను. అతడు వెనక్కి తిరిగి ఇథియోపియా మిత్రునికి చెప్పాడు. రిఫ్ట్ లోయలో వొంజి చెరకు తోటల కూలీలు ఇదే జబ్బుతో వంగిపోయిన సంగతి ఆ మిత్రునిది. విరామంలో ఇద్దరూ నా దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న ఒకటే: "అయితే మీ ఊళ్లో ఇప్పుడందరూ ఈ నీళ్లే తాగుతున్నారా?"

తాగడం లేదు. మా ఊళ్లో ఆ బకెట్టును ఎవరూ చూడను కూడా లేదు. మర్రిగూడలో బోరింగు నీళ్లే తాగుతున్నారని చెప్పినప్పుడు ఆ ఇద్దరి ముఖాలలో కనిపించిన ఆశ్చర్యాన్ని నేను ఏ ర్యాంకు వచ్చినా మరువలేదు. నా సిద్ధాంత వ్యాసం దేని మీద రాయాలో ఆ ప్రశ్నే తేల్చింది.

ఆ నేలమీదే ఇంకొక ఆశ్చర్యం. పళ్లు పుచ్చకుండా ఉండడానికి నీళ్లలో ఫ్లోరైడు కలపాలన్న ప్రయోగం నెదర్లాండ్స్‌లో టీల్ అనే పట్నంలో 1953లో మొదలైంది. కలపని కూలెంబోర్గ్ పట్నంతో పోల్చి చూశారు. ఆ తర్వాత ఆ దేశంలో దీని మీద పెద్ద వాదం నడిచి, చట్టంలో అందుకు ఆధారం లేదని 1973లో సుప్రీం కోర్టు తేల్చింది. కొద్ది కాలంలోనే ఆ పద్ధతిని మానుకున్నారు. మా వాళ్లు తెలియక తాగినదానికి అడిగే దిక్కు లేదు. అక్కడ చుక్క కలపాలన్నా జనం కోర్టుకు పోగలిగారు. ఆ పాఠం విన్న రాత్రి నేను పెద్దనాయన గురించి చాలాసేపు ఏడ్చాను.

*

ఆ ఇంటి వంటగది నాకు తరగతికి తక్కువైనది కాదు. అమ్మ కట్టి ఇచ్చిన జొన్నపిండి నెల తిరగకముందే అయిపోయింది. హేగ్ నగరంలో దక్షిణ అమెరికాలోని సూరినామ్ నుంచి వచ్చి స్థిరపడిన భారత సంతతి వారి దుకాణాలున్నాయని తెలిసి రైలెక్కి పోయి పప్పులు, పచ్చి మిరపకాయలు తెచ్చుకునేవాళ్లం. వాళ్ల ముత్తాతలను 1873 నుంచి ఓడలలో సూరినామ్ చెరకు తోటల కూలికి తీసుకుపోయారట. ఆ దుకాణం అవ్వ మాట్లాడే భోజ్‌పురి నాకు సగమే అర్థమయ్యేది కానీ, సంచిలో కొసరు వేయడం మన అంగడి పద్ధతే. టాంజానియా మిత్రుడు చేసే పలచటి ఉజి తాగినప్పుడు అంబలి తాగినట్టే అనిపించేది. ఇథియోపియాలోనూ జొన్న పండుతుందని, దానితోనూ రొట్టె చేస్తారని తెలిసింది. పచ్చి పులుసు మాత్రం ఆ ఇద్దరికీ నేనే అలవాటు చేశాను. ఆ బల్ల చుట్టూ కూర్చుని మూడు దేశాల పల్లెల సంగతి మాట్లాడుకుంటూ మేము పోల్చి చూసుకున్నదెప్పుడూ ఒకటే: నీళ్లు మోసేదెవరు, ఎంత దూరం, ఎన్నింటికి లేస్తారు.

ఒకసారి మా తరగతి మొత్తాన్ని హార్లెమ్ దగ్గరి ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకుపోయారు. అమ్‌స్టర్‌డామ్ నగరానికి 1853 నుంచి ఆ దిబ్బల నీరు వస్తోంది. ఇప్పుడు నది నీటిని తెచ్చి ఆ ఇసుకలోకి ఇంకించి, మళ్లీ తోడి, శుద్ధి చేసి పంపుతారు. గాలికి ఊగే గడ్డి మధ్య నిలబడి, నీటిని నేలలోకి పంపడమే పెద్ద ఫ్యాక్టరీ అని మా మాస్టారు చెబుతుంటే, మా నాయనమ్మ ఊట బావి గురించి అన్న మాటే వినిపించింది.

*

సిద్ధాంత వ్యాసం పని సొంత దేశంలో చేసుకోవడానికి ఆ సంస్థ ఒప్పుకునేది. సామాన్లతో, ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడుతో మా ఊరికే వచ్చాను. కొన్ని ఇళ్లకు అడుగుకు కాస్త పైన నల్లా బిగించిన బకెట్లు, కొలిచి కట్టిన పటిక, సున్నం, బ్లీచింగ్ పొట్లాలు ఇచ్చి, రోజూ నీటి నమూనాలు తీసి లెక్క కట్టాను. పని సరిగా చేసిన ఇళ్లలో ఫ్లోరైడు తగ్గింది. లెక్కలు చూసి సంతోషంతో డెల్ఫ్ట్‌కు ఉత్తరం రాశాను. కొన్ని వారాలకు ఒక్కొక్క ఇంట్లో బకెట్టు మూలకు చేరి, అందులో ఉల్లిగడ్డలు, విత్తనాలు కనిపించసాగాయి.

మా చిన్నమ్మ బకెట్టు ముందు కూర్చుని నీళ్లు కలుపుతూ చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: "పొద్దుగాల ఏడింటికి కూలికి పోవాలె బిడ్డా. ఇది కలిపి గంట సేపు ఆగుమంటివి. ఆ గంటకు కూలి ఎవరిస్తరు? పటిక అయిపోతే నల్లగొండ పోయి ఎవరు తెస్తరు? అడుగుల మిగిలిన బురద ఏడ పారబోయాలె, మేకలు తాగితే?" ఒక గంట పాటు ఆమె అడిగిన ప్రశ్నలకు నా పట్టికలలో సమాధానం లేదు. నీటిలో మిగిలే అల్యూమినియం గురించి, సల్ఫేటు రుచి గురించి, ఫ్లోరైడుతో నిండిన ఆ బురద గురించి పరిశోధకులు రాసినవన్నీ ఆమె చదవకుండానే చూసి చెప్పింది.

తిరిగి డెల్ఫ్ట్ వెళ్లాక మా గైడుకు ఆ మాటల అనువాదం చూపించాను. దీనిని అనుబంధంలో పెట్టనా అని అడిగితే, ఫలితాల అధ్యాయం మొదట్లోనే పెట్టమన్నారు. వ్యాసం సమర్పించే రోజున ఎదురుగా కూర్చున్న వాళ్లు రసాయన సమీకరణాల మీద రెండు ప్రశ్నలు వేసి, మిగిలిన సమయమంతా చిన్నమ్మ ప్రశ్నల మీదే మాట్లాడారు. ప్రత్యేకమైన చదువు అంటే సన్నటి విషయంలో లోతుగా దిగడమని నేను వెళ్లేటప్పుడు అనుకున్నాను. ఆ లోతులో నుంచి ఆ బకెట్టును పొద్దున ఏడింటికి ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్న దాకా తిరిగి రావడం నేర్పినందుకు ఆ సంస్థకు రుణపడి ఉన్నాను.

*

నేను తిరిగి వచ్చి మూటలు విప్పక ముందే పెద్దనాయన పోయాడు. "జల్ది రా మరి" అన్న మాటకు నేను ఎంత త్వరగా వచ్చినా తగినంత త్వరగా రాలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో ఒక ప్రాజెక్టులో పనిచేస్తూ నల్లగొండ జిల్లా ఊళ్లు చాలా తిరిగాను. ఒక ఊళ్లో ఫ్లోరైడు తొలగించే కేంద్రం గది చక్కగా ఉంది, తాళం వేసి ఉంది. లోపల తొట్టి పగిలి ఉంది. దానిని నడిపే పిల్లవానికి జీతం ఆగినప్పటి నుంచి అతడు హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోయాడని ఊరివాళ్లు చెప్పారు. ఇంకొక ఊళ్లో పంచాయతీ వాళ్లే చందా వేసుకుని ఆపరేటరుకు జీతమిస్తూ, తొట్టి కడుక్కుంటూ నెట్టుకొస్తున్నారు. రెండు చోట్లా యంత్రం ఒకటే, పద్ధతి ఒకటే.

శివన్నగూడకు చెందిన అంశాల స్వామి గారిని ఆ రోజుల్లో చూశాను. ఫ్లోరైడుతో ఒళ్లు వంకర్లు పోయిన ఆయనను, వాజపేయి గారు ప్రధానిగా ఉన్నప్పుడు, జల సాధన సమితి వాళ్లు ఢిల్లీ తీసుకుపోయి ప్రధాని బల్ల మీద పడుకోబెట్టి జిల్లా గోసను చూపించారు. స్వామి అప్పటికే దేశానికి తెలిసిన ముఖం. 2023 జనవరిలో ఆయన మరణ వార్త చదివినప్పుడు ఆ రోజు పనంతా ఆపేశాను.

చివరికి మా ఊరి బిందె మారింది బకెట్టు వల్ల కాదు, కృష్ణ నీళ్ల వల్ల. 2015లో చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగిన మిషన్ భగీరథ పైపులు కాలక్రమంలో మా వైపు ఇళ్ల ముందుకు వచ్చాయి. దూరం నుంచి తెచ్చిన నది నీటిని తాగితే నేలలోని ఫ్లోరైడుతో పోరాడవలసిన పనే ఉండదని 480 మంది ఆనాడే అడిగారు. నా చదువు వృథా అయిందా అని ఒక పత్రిక విలేకరి నన్ను అడిగాడు. అలా నేను ఎన్నడూ అనుకోలేదు. పైపు పగిలిన వారం, మోటారు కాలిన వారం జనం మళ్లీ బోరింగు దగ్గరికే పోతారు. ఆ నీళ్లలో ఏముందో తెలిసినవాళ్లు ఊళ్లో ఉండాలి. అదీగాక, పశువులు తాగేది, బత్తాయి తోటలకూ వరి మడికీ పారేది బోరు నీరే.

నాంపల్లి దిక్కు అమ్మాయి ఒకతె ఈ ఏడు జర్మనీలో భూగర్భ జలాల చదువుకు పోతోంది. నాతో ఫోనులో ఎక్కువగా అడిగింది కోర్సు గురించి కాదు, బోరు నీటితో పండిన పంటలోకి ఫ్లోరైడు ఎంత చేరుతుందో మన నేలలోనే కొలిచే వీలు ఉంటుందా అని. సిద్ధాంత వ్యాసాన్ని స్వదేశంలో చేయనిచ్చే విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోమని, ఫీజు కన్నా ముందు ఆ సంగతి ఉత్తరం రాసి అడగమని చెప్పాను. నమూనాలు వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీయమని, ప్లాస్టిక్ సీసాలే వాడమని, బావి యజమాని పేరుతో పాటు ఆ నీళ్లు మోసే ఆడవాళ్లతో కూడా మాట్లాడి రాసుకోమని చెప్పాను. బావుల పేర్లు, నేను తీసిన పాత లెక్కలు ఉన్న నోటుపుస్తకం జిరాక్సు తీయించి బస్సు పార్సిలులో పంపాను. మొదటి సీసాలు వచ్చే వారం చండూరు వైపు నుంచి నింపుకుంటానని, వీసా తేదీలోపు పని ముగించాలని ఆమె నిన్న రాత్రి చెప్పింది.